కాలువ కట్టేసిన నెల

పొద్దున్నే ఆసుపత్రి నర్సు సువార్తమ్మ చెయ్యి కడుక్కోవడానికి కాలువ రేవులోకి దిగితే, గడ్డి పడవలవాళ్లు తోసే గెడ ఆపి నిలబడేవారు. ఆవిడ ముంజెయ్యి ముంచగానే నీళ్లు గజగజ వణికేవి. ఆ వణుకు లాకుల దాకా పాకి, అటునించి సముద్రానికి పోయేది. "అయిందాండీ సిస్టరుగారూ?" అని అడిగి పడవలవాళ్లు మళ్లీ గెడ వేసేవారు. సారాకి అలవాటుపడ్డవాడు మానేస్తే పుట్టే వణుకుని ఆవిడ చేత్తో పట్టి తీసేస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. మందుల కొట్టు ఎక్కడుందో తెలిసినట్టే అదీ తెలుసు.

కొత్త నర్సు పరమేశ్వరికి మాత్రం ఆ పని చూస్తే ఒళ్లు జలదరించేది. కిరాణా కొట్టువాళ్ల పిల్ల నర్సవడమే ఇంట్లో పెద్ద రాద్ధాంతం. చిన్నప్పటినుంచీ తండ్రి కొట్లో త్రాసు పట్టిన చెయ్యి ఆమెది, అదరదు. ఆ చేతి నిదానం చూసే కాకినాడ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరుకి తీసుకుంటామన్నారు. జూన్‌లో చేరాలి. అక్కడికి పోతే ఈ వరండా, ఈ వాంతుల కంపు, ఈ పీడ వదిలిపోతాయి.

డాక్టరుగారు తాగుబోతులకి మంచం ఇచ్చేవారు కాదు. "ఇది జబ్బు కాదమ్మా, బలుపు" అనేవారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఉన్న మంచాలు పురుళ్లకీ పాముకాట్లకీ చాలేవి కావు. అందుకని వాళ్లు వరండాలో చాపల మీద పడుండేవారు, పక్కన పీట వేసుకుని సువార్తమ్మ కూచునేది.

ఏటా ఎండాకాలంలో మరమ్మతులకని కాలువ కట్టేస్తారు. ఆ నెలలో సువార్తమ్మ ఎవరి చెయ్యీ పట్టదు, మాత్రలిచ్చి ప్రార్థన చేస్తుంది. పారే నీళ్లలో తప్ప వణుకు దిగదు మరి. ఒకసారి బాల్చీలో కడిగితే బాల్చీ పగిలిందే కానీ వణుకు పోలేదు. గోదారి పాయకి పోదామన్నా అప్పుడు అంతా ఇసక తిన్నెలూ నిలవనీటి మడుగులే. చేతిలో ఉన్నకొద్దీ వణుకు ఎముకకి దిగుతుంది.

సరిగ్గా ఆ నెలలోనే, లాకుల దగ్గర లస్కరు పనిచేసే బుల్లియ్యని అతని భార్య సూరమ్మ రిక్షాలో వేసుకొచ్చింది. కాలువ లేక, తలుపులెత్తే పని లేక, సారా కొట్టునే ఇల్లు చేసుకున్నాడతను. ఎలాగైనా మాన్పించాలని ఆమె అతన్ని గదిలో పెట్టి గొళ్లెం వేసింది.

"నా చేత్తో నేనే చంపుకున్నానండీ. చుక్క దొరక్కపోతే బాగుపడతాడనుకున్నానండి" అని ఏడ్చింది.

బుల్లియ్య ఒంటిమీద లేని చీమల్ని దులుపుకుంటున్నాడు. నేలకేసి తల కొట్టుకుంటున్నాడు. వేసిన మాత్ర కక్కేశాడు. ఇంజక్షనిచ్చినా ఆగలేదు. సువార్తమ్మ పీట లాక్కుంది.

"వద్దండి, కాలువ లేదు కదండీ" అంది పరమేశ్వరి కంగారుగా. "మీ చెయ్యి పోతే రేపు ఇంజక్షన్లు ఎవరు చేస్తారు?"

"నువ్వున్నావు కదమ్మా."

"నేను కాకినాడ వెళ్లిపోతాను కదండీ."

"వెళ్లు తల్లీ. నీళ్లొదిలేదాకా వీడు ఆగడు. అంతే."

పట్టుకుంది. వణుకు ఆవిడ కుడిచేతిలోంచి భుజానికెక్కి ఎడమచేతిలోకి దిగింది. అల్మారాలో ట్రేలు గలగలమన్నాయి. మధ్యాహ్నానికి ఆవిడ గడ్డం కూడా వణకసాగింది. బుల్లియ్యలో ఇంకా సగం మిగిలే ఉంది.

"ఇక నాలో పట్టదమ్మా" అంది, పళ్లు టకటకలాడుతుంటే.

పరమేశ్వరికి జాలి వేయలేదు, కోపం వచ్చింది. బుల్లియ్య మీద, సూరమ్మ వేసిన గొళ్లెం మీద, మనిషి చస్తుంటే మంచం లేని ఆసుపత్రి మీద. ఆ కోపంతోనే వంగి అతని రెండో చెయ్యి పట్టుకుంది. గుప్పిట్లో పిచ్చుక చిక్కినట్టు వణుకు ఆమె అరచేతిలో కొట్టుకుంది, తర్వాత మోచేతికి ఎక్కింది. సాయంత్రానికి బుల్లియ్య నిద్రపోయాడు. సూరమ్మ అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూచుంది.

జూన్‌లో నీళ్లొదిలారు. లాకు తలుపులెత్తింది బుల్లియ్యే. నర్సులిద్దరూ రేవులోకి దిగారు. పరమేశ్వరి చెయ్యి చుట్టూ నీళ్లు వణికాయి గానీ, వేళ్ల చివర కొంచెం మిగిలిపోయింది. సువార్తమ్మ చేతుల చుట్టూ నీళ్లు కదల్లేదు. ఆవిడ చాలాసేపు అలాగే ఉంచి, "పోదులే" అని కొంగుతో తుడుచుకుంది.

ఉద్యోగానికి పనికిరావని ఆవిణ్ణి ఇంటికి పంపేశారు. కాకినాడలో పరమేశ్వరికి సూదీ దారం ఇచ్చి ఎక్కించమన్నారు. ఎక్కలేదు. బస్సెక్కి తిరిగొచ్చి ఆ రోజంతా ఏడ్చింది.

బుల్లియ్య మానేశాడా అంటే, వానలు పట్టాక మళ్లీ చీమల్ని దులుపుకుంటూ వచ్చాడు. సూరమ్మ తలెత్తలేకపోయింది. డాక్టరుగారు గుమ్మంలోంచి చూసి, ఒక మంచాన్ని వరండాలోకి లాగించారు. పరమేశ్వరి సువార్తమ్మ పీట దాని పక్కన వేసుకుంది.

"చెయ్యి ఇలా ఇవ్వు" అంది.

మర్నాడు పొద్దున్న రేవులో గడ్డి పడవ గెడ ఆపి నిలబడింది.

"అయిందాండీ సిస్టరుగారూ?"

"ఇంకా లేదండి, ఉండండి" అంది పరమేశ్వరి.