మూడో వార్డు గలీబులు

ఇస్త్రీ యంత్రం రోలరు కింద ఏదో గట్టిగా తగిలి టక్కుమంది. పెద్దక్క పెడలు మీంచి కాలు తీసి, ఆవిరి పలచబడేదాకా ఆగి, దిండు గలీబును వెనక్కి లాగింది. మూలన ఓ ముడి. ఉడికి, ఆరి, చింతగింజలా బిగుసుకుపోయి ఉంది.

ఆ ముడి ఆమె దగ్గరికి రావాల్సిన తీరు ఇది కాదు.

ఆసుపత్రి అడుగు అంతస్తులోని లాండ్రీలో ఆమెది పద్దెనిమిదేళ్ళ చాకిరీ. ముంజేతుల మీద కాలిన మచ్చలు ఒకదానిపైన ఒకటి నిచ్చెన మెట్లలా ఉంటాయి. ఎప్పుడూ ఆవిరిలో ఉండి ఉండి వేళ్ళ చివర గీతలు చెరిగిపోయాయి. పైన మూడో వార్డులో, పదకొండో మంచం మీద ఆమె తమ్ముడున్నాడు. గొంతులో గొట్టం వేశారు, మాట లేదు. ఆ వార్డులోకి ఆదివారం తప్ప ఎవరినీ రానివ్వరు. మాసిన బట్టలు ముట్టుకునే వాళ్ళనైతే మరీను. అందుకే ఈ దారి పట్టారు. అతను చీటీ రాస్తే నర్సమ్మ దాన్ని మాసిన గలీబు మూలన ముడి వేసి కిందికి పంపుతుంది. బట్టలు వేరుచేసే తాత ముడి విప్పి చీటీ ఈమెకిస్తాడు. ఈమె జవాబు రాసి ఉతికిన గలీబులో ముడివేసి పైకి పంపుతుంది.

చీటీల్లో ఒంట్లో ఎలా ఉందో ఒక్క ముక్క ఉండదు. ఆ రోజు ఇంటికెళ్ళి ఏ పాట వినాలో ఉంటుంది.

"చలికోటు వాళ్ళ రెండో టేపు, రెండో వైపు మూడోది. మొదటి నిమిషం ఓపిక పట్టక్కా. డ్రమ్ములు ఆలస్యంగా దిగుతాయి. దిగాక ఆపమన్నా నువ్వే ఆపవు."

చలికోటు వాళ్ళన్నది వాళ్ళ అసలు పేరు కాదు. చిన్నప్పుడు పాతసామాన్ల కొట్లో దొరికిన క్యాసెట్లకు అట్టలు చిరిగి పేర్లు పోయేవి. మిగిలిన బొమ్మను బట్టీ గొంతును బట్టీ తమ్ముడే పేర్లు పెట్టాడు. జలుబు గొంతు వాళ్ళు, ముగ్గురు బావమరుదులు, ఇనప చెప్పుల వాళ్ళు. రెండు టేపులు చేసి, ఎవరూ కొనక, మళ్ళీ కనిపించకుండా పోయిన వాళ్ళంటే అతనికి ప్రాణం. ఆమెకేమో లోకమంతా వినే పెద్ద బ్యాండ్లు ఇష్టం. "నీకెప్పుడూ పదిమంది మెచ్చిందే కావాలి" అని వెక్కిరించేవాడు. తనూ నలుగురితో కలిసి, కుడికాలితో పెద్ద డ్రమ్ము పెడలు తొక్కుతూ, ఏడేళ్ళు డ్రమ్ములు వాయించాడు. ఒక్క టేపూ రాకుండానే ఆ నలుగురూ తలోదిక్కూ పోయారు. తర్వాత బోర్డులు రాసి బతికాడు.

"రోజుల్లోకి వచ్చిందమ్మా" అని ఆదివారం డాక్టరమ్మ అంది. నిన్నటి చీటీలో అతను, "ఇన్నాళ్ళూ చెప్పినవి వేరు. నువ్వు దాచుకోవాల్సింది ఒకటుంది. రేపు రాస్తా" అని రాశాడు.

ఇవాళ తాత మోకాళ్ళు పట్టేసి పనికి రాలేదు. ఆయన చోట కొత్తామెను నిలబెట్టారు. రక్తపు మరకలున్న బట్టకు ముడి వేయడం లాండ్రీ అలవాటని ఆమెకు పొద్దున్నే నేర్పారు.

"ముడుంటే మరకే కదక్కా! పాపం రోగి బట్టని రెండుసార్లు ఉడకబెట్టించా" అంది కొత్తామె.

"బాగా ఉడకబెట్టావు తల్లీ."

పెద్దక్క పిన్నీసుతో ముడి విప్పింది. లోపల కాగితం నానిన అటుకుల్లా ముద్దకట్టి ఎండిపోయింది. నీలి సిరా బట్టకు ఎక్కింది. బల్బుకు ఎదురుగా పట్టుకుని చూస్తే 'వైపు' అన్న మాట ఒక్కటే తేలింది. ఏ వైపో లేదు, ఎవరిదో లేదు.

పక్కబల్ల దగ్గర దుప్పట్లు మడతపెట్టే ఆవిడ మెడ చాచింది. "ఏంటే, లాటరీ టిక్కెట్టా?"

"తమ్ముడి చీటీ. ఇవాళే చెప్తానన్నాడు."

"మళ్ళీ రాయమను. మంచం మీద వాడికి ఇంకేం పని?"

సంచులకు కట్టే అట్టముక్క చింపి ఆమె రాసింది: "చదవలేకపోయా నాన్నా. నీళ్ళలో పడింది. ఎవరిది, ఎన్నోది, అంతే రాయి." వేడిగా ఉన్న గలీబులోనే ముడేసి బండి మీద అన్నిటికంటే పైన పెట్టింది. బండి పైకి వెళ్ళాక సూపర్వైజరు దగ్గరికి పోయింది.

"పది నిమిషాలు సార్. వార్డు తలుపు దగ్గర నిలబడి వచ్చేస్తా."

"ఆదివారం పోదువుగానిలేక్కా, ఎవరొద్దన్నారు? మూడింటికి ఆపరేషన్ గదికి బట్టలు పోవాలి. నువ్వు కదిలితే నా ఉద్యోగం కదుల్తుంది."

ఆమె మళ్ళీ రోలరు ముందు నిలబడింది. దుప్పటి వెనక దుప్పటి. జలుబు గొంతు వాళ్ళదా? వాళ్ళది నెమ్మదిగా ఉంటుంది, వాడు అది ఇవ్వడు. బావమరుదుల ఆఖరిదా? దాన్ని వాడే ఎన్నోసార్లు తిట్టాడు. తెలిసిన పాటలన్నీ ఒక్కోటీ తలలో మోగించి పక్కన పెడుతూ వచ్చింది. ముంజేతి మీది మచ్చల పక్కన ఇంకోటి పడినా చూసుకోలేదు.

"నన్నడిగితే పోయేముందు జోలపాట పెట్టమంటా. మీవాడివన్నీ అరుపులే" అంది మడతలావిడ.

"అరుపులు కావవి."

"మరేంటి?"

ఆమె దుప్పటి అంచు సరిచేసి రోలరు కిందికి తోసింది.

మూడున్నరకు పైనుంచి మూట దిగింది. యంత్రాన్ని అలాగే వదిలేసి, చేతులకు రబ్బరు తొడుగులేసుకుని, కొత్తామెను పక్కకు నెట్టి తనే మూట విప్పింది. దుప్పటి. గలీబు. దాని మూలన తను వేసిన ముడి, వేసింది వేసినట్టే ఉంది. దాని కింద పరుపు తొడుగు.

పరుపు తొడుగు ఊరికే కిందికి రాదు. మంచం ఖాళీ అయితేనే దాన్ని విప్పుతారు.

"పదకొండు ఖాళీ అయిందన్నమాట" అంది కొత్తామె, మూటకు కట్టిన అట్టమీద మంచం నంబరు చూసి. "ఇంటికి పంపేశారేమో కదక్కా?"

మడతలావిడ వచ్చి యంత్రం స్విచ్చి ఆపేసింది. రోలరు ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. గది ఆ చివరనుంచి సూపర్వైజరు "ఎవరాపారు? ఎందుకాపారు?" అని కేకేశాడు. పెద్దక్క నేలమీద కూర్చుని పరుపు తొడుగును ఒళ్ళోకి లాక్కుని, అది తడిగా ఉందో లేదో చూస్తున్నట్టు అరచేత్తో తడుముతోంది. దాని మడతల్లోంచి రోగులకు చేరేరోజు ఇచ్చే తెల్లటి మేజోళ్ళ జత జారిపడింది. ఎడమ కాలిది ఇంకా పెట్టెలోంచి తీసినట్టే ఉంది. కుడి కాలిది మాత్రం, బొటనవేలి మొదట్లో, మంచం ఇనప కమ్మీకి తగిలి తగిలి అరిగిపోయి, బొత్తామంత చిల్లు పడి, చుట్టూ దారాలు లేచి ఉంది.