ఎరుపు మీద ఒక్క కోటు

లప్పం ఆరిన గోడను గరుకు కాగితంతో రుద్దుతూ, మేస్త్రీ తన చెయ్యి అందినంత మేరకే పోయి ఆగాడు. ఆపైన గోడ అలాగే ఉంది. ఏడాదిగా అతని పని నేలకూ, చాచిన చేతికీ మధ్యనే. తెల్లటి పొడి కనుబొమ్మల మీద, చెవుల మీది వెంట్రుకల మీద పేరుకుపోయి, అరవయ్యేళ్లవాడు ఎనభయ్యేళ్లవాడిలా కనిపిస్తున్నాడు.

"ఓ నేల మేస్త్రీ! ఇక్కడ గాలి భలేగా ఉంది, ఒకసారి పైకొచ్చి పోరాదూ?" నిచ్చెన చివర నుంచి తోటి పెయింటరు కేకేశాడు.

"నువ్వు దిగేప్పుడు కాస్త పట్టుకురా. ఇక్కడ పీల్చుకుంటా."

పైవాడు నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు. నిచ్చెన కాళ్లకేసి చూసి, గబుక్కున చూపు తిప్పుకున్నాడు.

అయితే ఆ పూట భయం నిచ్చెనది కాదు. అది గురువారం. గురువారాలు మూడింటికి అతను ఆసుపత్రిలో రోగుల చేత బొమ్మలు వేయించే గదికి వెళ్తాడు. ఈ గురువారం మాత్రం నాలుగింటికి ఇంటివాళ్లు వచ్చి బొమ్మలు చూస్తారు. తన భార్య వస్తుంది. తన బొమ్మ చూస్తుంది. పొద్దున ఆమె పెట్టిన కాఫీ కూడా తాగకుండా వచ్చేశాడు.

ఐదు నెలల కిందట అతన్ని ఆ గదికి తీసుకువెళ్లింది ఆమే. ఏడాది కిందట బామ్మర్ది నిచ్చెన మీద నుంచి పడి చనిపోయాక, మేస్త్రీకి నిద్ర కరువైంది. కన్ను మూస్తే చాలు, ఒళ్లు కిందికి జారిపోతున్నట్టై ఉలిక్కిపడి లేచేవాడు. మందులిచ్చిన డాక్టరు, బొమ్మలు కూడా వెయ్యమన్నాడు. మేస్త్రీకి సిగ్గేసింది. మూడో తరగతి దాటనివాడు. పలకమీద పిల్లి బొమ్మ కూడా గీసి ఎరగడు.

మొదటి రోజు బొమ్మల మేడం కాగితం ఇచ్చి, "మీ ఇష్టం, మేస్త్రీ గారూ" అంది. అతను కాగితమంతా బూడిదరంగు పట్టించాడు. అంచులు తిన్నగా, బ్రష్షు గీత కనపడకుండా, అచ్చం గోడలాగే.

"రెండో కోటు వెయ్యమంటారా?" అని అడిగాడు.

మేడం పకపకా నవ్వింది. తర్వాత, "ఇంకేమన్నా ఉందా?" అంది. ఆవిడ ఎప్పుడూ అంతే. ఇదేమిటి, అదెందుకు అని అడగదు. ఇంకేమన్నా ఉందా అని మాత్రం అడిగి, పక్కన కూర్చుంటుంది.

ఉంది. ఆరో వారం గోడకు నిచ్చెన చేరింది. తర్వాత వారానికో మెట్టు. నిచ్చెన చివర బామ్మర్ది వచ్చాడు, మూల దగ్గర చెయ్యి చాపి. నిచ్చెన వచ్చిన వారం నుంచీ రాత్రికి మూడు గంటలు నిద్ర పట్టసాగింది. కిందటి వారం నిచ్చెన అడుగున ఇంకొక మనిషి వచ్చాడు. ఆ మనిషి రెండు చేతులూ నిచ్చెన మీద లేవు. మొహం ముందు గుప్పిటగా చుట్టుకుని, సిగరెట్టు వెలిగిస్తున్నాయి. ఆ చేతులకి అగ్గిపుల్ల వెలుగులాగా ఎర్ర రంగు వేశాడు.

వేసి, లేచి బయటికి వెళ్లి వాంతి చేసుకున్నాడు. ఆ రాత్రి తెల్లారేదాకా ఒళ్లెరగకుండా పడుకున్నాడు.

"ఇంటివాళ్లకి చూపిద్దామా? వద్దంటే లోపల పెట్టేస్తాను," అని అడిగింది మేడం. అతను సరేనన్నట్టు తల ఊపాడు. ఎందుకు ఊపాడో అతనికే తెలియదు. వారమంతా ఆ ఊపిన తలనే తిట్టుకున్నాడు.

భార్యకు తమ్ముడంటే ప్రాణం. తల్లి పోతే చంకనేసుకుని పెంచింది. తమ్ముడి భార్య ఏడుస్తూ ఒక మాట అనబోతే, "మా ఆయన నిచ్చెన వదల్లేదమ్మా. పలకరాయి మీద నిచ్చెన కాలు జారింది, పట్టుకున్నా ఆగలేదు," అని చెప్పింది. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. ఆమె చెప్పిన ప్రతిసారీ మేస్త్రీ పక్కనే కూర్చుని, నేల చూస్తూ, తల ఊపాడు.

ఆ గురువారం పన్నెండున్నరకే పని ఆపి చేతులు కడుక్కున్నాడు. పని సంచీలో చిన్న డబ్బాతో తెల్లరంగు, రెండంగుళాల బ్రష్షు పెట్టుకున్నాడు.

"ఎక్కడికి మేస్త్రీ?" అన్నాడు పైవాడు.

"చిన్న పని. టచింగు."

బొమ్మల గది తలుపు తీసే ఉంది. మేడం వరండాలో ఎవరివో బొమ్మలకు తాళ్లు కడుతోంది. అతని బొమ్మ కిటికీ పక్కన వేలాడుతోంది. చెయ్యి ఒణికింది, అయినా ముప్పయ్యేళ్ల అలవాటు కదా, బ్రష్షు కాగితానికి తగలగానే ఒణుకు ఆగింది. రెండు చేతుల మీదా తెలుపు లాగాడు. పై నుంచి కిందికి, అడ్డంగా, మళ్లీ పై నుంచి కిందికి. ఎరుపు మాయమైంది. కింది మనిషికి చేతులు లేవు.

డబ్బాలో రంగు ఇంకా సగం ఉంది. దాన్ని ఒక క్షణం చూశాడు. మూత బిగించి సంచీలో పెట్టుకుని, చివరి బెంచీ మీద కూర్చున్నాడు.

నాలుగు కావడానికి చాలా సేపు పట్టింది. తలుపు దగ్గర చెప్పుల చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూశాడు.

ఆమె రెండు గిన్నెల క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఎండకి మొహం ఎర్రబడి ఉంది.

"మధ్యాహ్నం తిన్నావా? తిని ఉండవులే. ముందు నీ బొమ్మ చూపించు, తర్వాత ఇద్దరం తిందాం." క్యారేజీ బెంచీ మీద పెట్టి, గోడ వెంట నడిచింది. "ఇది కోడా, కొండా? అబ్బో, ఈయనెవరో చేపకి కాళ్లు పెట్టాడు."

కిటికీ దగ్గర ఆగింది. నవ్వు ఆగింది.

తమ్ముడి బొమ్మ మీద వేలు పెట్టకుండా, పైన గాల్లోనే నిమిరింది. "వాడి చొక్కా..." అంది. తర్వాత చూపు మెట్టు మెట్టుగా కిందికి దిగింది. మేస్త్రీ ఆ చూపు వెంటే దిగాడు.

రంగు ఆరిపోయింది. తెలుపులోంచి గులాబీ చాయ పైకి తేలింది. రెండు గుప్పిళ్లు, మధ్యన అగ్గిపుల్ల, స్పష్టంగా.

ఆమె చాలాసేపు చూసింది. ముప్పయ్యేళ్లు పెయింటరుతో కాపురం చేసిన మనిషి.

"ఎరుపు మీద ఒక్క కోటే వేశావేమయ్యా? ఆగదని నీకు తెలీదూ?"

"తెలుసు."

గదిలో ఎవరో దగ్గారు. మేడం తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"వాడే అడిగాడు," అన్నాడు మేస్త్రీ. "బావా, ఒకటి ముట్టించి పెట్టు, ఈ మూల అయిపోతే దిగుతా అన్నాడు. ఒక్క క్షణం వదిలా. పుల్ల వెలిగిందో లేదో..."

"వెలిగిందా?"

"వెలిగింది."

ఆమె తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాడు. అరుస్తుందనుకున్నాడు. మీద పడి కొడితే బాగుండనుకున్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, అంతే.

"అందరికీ నా నోటితో చెప్పా. నువ్వు పక్కన కూర్చుని చెప్పనిచ్చావు."

"చెప్పనిచ్చా."

"దాని దగ్గరికి వెళ్తున్నా. తమ్ముడి పెళ్లాం దగ్గరికి. నా మాట నేనే దిద్దుకోవాలి."

"నేనూ రానా?"

"ఇవాళ వద్దు."

"రాత్రికి... ఇంటికొస్తావా?"

ఆమె తలుపు దాకా వెళ్లి, ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అతన్ని కాదు, బొమ్మని. చెప్పుల చప్పుడు వరండా పొడుగునా వినిపించి, మెట్ల దగ్గర ఆగిపోయింది.

మేడం వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి ఏమీ అడగలేదు. మేస్త్రీ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు. ఒణుకుతున్నాయి. ఒణకనిచ్చాడు.

ఇద్దరి మధ్యా, బెంచీ మీద, మూత తియ్యని రెండు గిన్నెల క్యారేజీ. దాని అడుగు ఇంకా వెచ్చగానే ఉంది.