కెమిస్ట్రీ అట్టలో నవల

నేను ఒక నవలను. పేరు ‘అంకెల నగరం’. నా కథలోని నగరంలో పిల్లలకు పేర్లుండవు, నంబర్లే. ఏడాదికోసారి పరీక్ష పెట్టి ఎవరు ఏ అంతస్తులో బతకాలో తేలుస్తారు. 417 అనే పదహారేళ్ళ పిల్ల ఎదురు తిరిగి గేటు దాటుతుంది. ‘చదివితే వెన్నులో వణుకు పుడుతుంది’ అని వెనక అట్ట మీద వేశారు. నేనూ నమ్మాను. తన పెరుగు పుల్లన అని ఎవరంటారు?

నన్ను విజయవాడ ఏలూరు రోడ్డులో కొన్నది నరసరావుపేట టైలరు వీరాంజనేయులు. కూతురు ఇందుజ పదో తరగతిలో స్కూల్ ఫస్టు వచ్చిందని, ఏది కావాలంటే అది తీసుకోమన్నాడు. ఆ పిల్ల నన్ను తీసుకుంది. షాపులోనే పెన్నడిగి, సూది గుచ్చుకుని గట్టిపడిన వేళ్ళతో మొదటి పేజీ మీద రాశాడు: ‘నీకు నచ్చింది చదువుకో తల్లీ. నీ వెనక నేనున్నా. నాన్న.’ పది రోజులు తిరక్కుండానే ఆమెను ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్చాడు. నచ్చిందేమిటో అడగడం మర్చిపోయినట్టున్నాడు. పెద్దవాళ్ళకు పనులెక్కువ.

ఆ హాస్టల్లో కథల పుస్తకాలు నిషేధం. ప్రతి శుక్రవారం ట్రంకుపెట్టెలు వెతుకుతారు. అందుకని ఇందుజ నా అట్ట పైన కెమిస్ట్రీ మెటీరియల్ అట్ట అంటించింది. పట్టుబడితే నాన్నకు మాట రాకూడదని ఆయన రాసిన పేజీని జాగ్రత్తగా చింపి, మడిచి, జామెట్రీ బాక్సులో దాచుకుంది. ఆ ఒక్క పేజీ పోయినందుకు నాకేం బాధ కలగలేదు. అంత ప్రేమగా చింపితే ఎవరికి మాత్రం కోపం వస్తుంది?

స్టడీ అవర్లో నన్ను చదువుతూ పక్కన పెన్సిల్‌తో తన అభిప్రాయాలు రాసేది. నాకు అవమానం మొదలైంది అక్కడే. ఏడాదికోసారి అంతస్తులు మార్చే ఘట్టంలో, ‘ఏడాదికా? మాకు ఆదివారం పరీక్ష, సోమవారం సెక్షన్ మార్పు’ అని రాసింది. ఆ నగరంలో ఆదివారం సెలవని చదివి, ‘అదృష్టవంతులు’ అంది. కాపలావాళ్ళు తలుపు తట్టి లోపలికొస్తారన్న చోట, ‘తడతారా!’ అని ఒక్క మాట. నా రచయిత ఏడాదిపాటు బుర్ర బద్దలు కొట్టుకుని కల్పించిన నరకం ఈ పిల్లకు వేసవి సెలవుల్లా ఉంది.

చివరి అధ్యాయం దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగింది. 417 గేటు దాటేసరికి అవతల తండ్రి నిలబడి ఉంటాడు. ‘ఇంటికి పద’ అంటాడు. ఆ పేజీ అడుగున ఇందుజ ఇలా రాసింది: ‘మా నాన్న కూడా ఇలాగే అంటాడు. వచ్చే ఆదివారం నన్ను చూడ్డానికి వస్తే అడుగుతా. నాకు ఇక్కడ ఊపిరాడటం లేదు. ఊళ్ళో కాలేజీలోనే చదువుకుంటా.’

వ్యవహారం ఆదివారం దాకా ఆగలేదు. అది రాసిన మర్నాడే, సోమవారం, ఇందుజ ఒకటో సెక్షన్ నుంచి మూడుకు జారింది. సెక్షన్ మారితే మెటీరియల్ కూడా మారాలి. ఆమె ల్యాబులో ఉండగా వార్డెన్ వచ్చి బెంచీ మీది కెమిస్ట్రీ పుస్తకాలన్నీ ఎత్తుకుపోయింది. ఏ అట్ట నన్ను కాపాడుతుందనుకుందో ఆ అట్టే నన్ను పట్టించింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి వీరాంజనేయులును పిలిపించారు. ఆయన నన్ను చేతిలోకి తీసుకున్నాడు. కెమిస్ట్రీ అట్ట చింపేసి ఉంది, నా అసలు అట్ట బయటపడింది. ఆ గట్టి వేలు నన్ను గుర్తుపట్టింది.

“ఇలాంటివి ఇంటి నుంచే వస్తాయండీ. మీరే కొనిచ్చారా?” అన్నాడు ప్రిన్సిపాల్.

“నేనా సార్? మా ఇంట్లో ఇట్టాంటియి ఏడుంటయ్యి? నేనెప్పుడూ చూళ్ళేదు,” అని కూతురి వైపు తిరిగాడు. “ఎవరిచ్చారే నీకిది?”

ఇందుజ చేతిలో జామెట్రీ బాక్సు ఉంది. మూత తీస్తే చాలు. తియ్యలేదు.

“బస్టాండులో దొరికింది నాన్నా.”

“పిల్ల అబద్ధాలు కూడా నేర్చిందండీ,” అన్నాడు ప్రిన్సిపాల్. “మాకొద్దు. టీసీ ఇస్తాం, ఇంటికి తీసుకెళ్ళండి.”

ఇందుజ తలెత్తింది. ఆమె ఆదివారం అడగాలనుకున్నది, ఎవరూ అడక్కుండానే ఎదురొచ్చింది. తండ్రి ముఖంలోకి అంత ఆశగా చూసిన పిల్లను నేను నా కథలో కూడా చూడలేదు.

వీరాంజనేయులు చేతులు జోడించాడు. “అంత మాటనకండి సార్. కుట్టుమిషను ముందు నా నడుం వొంగిపోయింది, పిల్లన్నా బాగుపడాల. ఈడే ఉండనీయండి. కొట్టండి, తిట్టండి, మీ ఇష్టం.”

ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. పిల్లలకు ఆ రెంటికీ తేడా తెలిసే అవకాశం మనుషులు ఇవ్వరు.

నన్ను చించి పారెయ్యలేదు. తనిఖీకి ఎవరో వస్తున్నారు, లైబ్రరీలో చూపించడానికి పుస్తకాల్లేవు. పెన్సిల్ రాతలన్నీ చెరిపి తెమ్మని ఇందుజకు శిక్ష వేశారు. సాయంత్రం స్టడీ అవర్లో కూర్చుని పేజీ పేజీకీ తన మాటలు తనే చెరిపింది. ‘అదృష్టవంతులు’ పోయింది. ‘తడతారా!’ పోయింది. చివరి పేజీ అడుగున మాత్రం కాగితం చిరిగేంత గట్టిగా రుద్దింది. తర్వాత బాక్సులోంచి ఆ మడత కాగితం తీసి అక్కడ పెట్టి నన్ను మూసేసింది.

ఇప్పుడు నేను తాళం వేసిన అద్దాల బీరువాలో ఉన్నాను. తనిఖీవాళ్ళు బయటి నుంచే చూసి ‘పిల్లలకు మంచి పుస్తకాలు పెట్టారు’ అని రాసుకుపోయారు. ఎవరూ నన్ను తెరవలేదు. తెరిచి ఉంటే చివరి పేజీలో ‘నీ వెనక నేనున్నా’ అన్న కాగితం కనబడేది. దాని కింద, చిరుగు పక్కన, ఈసారి చెరపడానికి వీల్లేకుండా పెన్నుతో రాసిన ఒక పాఠకురాలి అభిప్రాయం కూడా:

‘కథంతా నిజమే. ముగింపు ఒక్కటే నమ్మేలా లేదు.’