గాడిద వరసలో నాలుగో కార్డు

అమెరికాలోని క్యారీలో ఇరవై రెండేళ్లు ఇండియన్ గ్రోసరీ నడిపిన నళినికి, షాపు అమ్మేశాక ఒక సంగతి తెలిసొచ్చింది. బేరం లేని రోజు ఉప్పు లేని పప్పు. బియ్యం బస్తాలు జరిపే ఓపిక మాత్రం ఇక లేదు. అందుకని బరువు లేని సరుకు వెతుక్కుంది: వందేళ్ల నాటి బ్రిటిష్ పోస్ట్‌కార్డులు. కుళ్లవు, పురుగు పట్టవు, పాతబడేకొద్దీ గిరాకీ. సముద్రతీరాల బొమ్మలు, నవ్వు పుట్టించే కార్టూన్లు పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్స్‌లో గంపగుత్తగా కొని, ఏ ఏటివో తేల్చి, విడివిడిగా అమ్ముతుంది. తారీఖు తేలని కార్డు తూకం వెయ్యని సరుకని ఆమె లెక్క.

ఆ లెక్కకు లొంగనివి ఆమె దగ్గర అయిదే ఉన్నాయి. ఆరు కార్డుల కార్టూన్ కథ అది. ఒకటో దాంట్లో లావుపాటి పెద్దమనిషి బీచ్‌లో గాడిదను చూసి ముచ్చటపడతాడు. రెండో దాంట్లో కుర్చీ వేసుకుని గాడిద మీదికి ఎక్కుతాడు, భార్య గొడుగు పట్టుకుని పక్కన నిలబడుతుంది. మూడో దాంట్లో గాడిద కదలనని మొండికేస్తుంది. అయిదో దాంట్లో పెద్దమనిషి సముద్రంలో పీకల్లోతున ఉంటాడు, ఆయన టోపీ గాడిద నెత్తిన ఉంటుంది, భార్య అటు తిరిగి ఆకాశం చూస్తుంటుంది. ఆరో దాంట్లో ముగ్గురూ తడిసి ఇంటికి పోతారు. మధ్యలో ఏం జరిగిందో నాలుగోది చూస్తేనే తెలియాలి. ఎన్నిసార్లు చూసినా నళినికి నవ్వాగదు. నవ్వినందుకు పైసా రాదు, అయినా వాటిని అమ్మబుద్ధి కాదు.

ఆ నాలుగో కార్డు డాక్టర్ పద్మనాభం గారి దగ్గరుంది. డెబ్బై రెండులో గుంటూరు నుంచి వచ్చి, ముప్పై అయిదేళ్లు గుండెలు బాగుచేసి, రిటైరయ్యాక పోస్ట్‌కార్డుల్లో పడ్డ మనిషి. శనివారం పక్క ఊరు రాలీలో జరిగిన పోస్ట్‌కార్డ్ షోలో నేరుగా నళిని టేబుల్ దగ్గరికే వచ్చారు.

"ఏమ్మా, గాడిద క్షేమమేనా?"

"మధ్యలో ఆగిపోయింది డాక్టర్ గారూ. ఒక్కసారి ఆ నాలుగోది చూపిస్తే మీ సొమ్మేం పోయింది?"

"చూపిస్తే సగం ఇచ్చేసినట్టే."

"మిగతా సగానికి రేటు చెప్పండి మరి."

"డబ్బు నాకెందుకమ్మా! పందెం వేద్దాం." ఆయన ఆల్బమ్‌లోంచి ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఒక కార్డు తీశారు. "ఇది రాసిన డేట్ చెప్పు. డే, మంత్, ఇయర్ మూడూ. కరెక్ట్ అయితే నాలుగోది నీది. తప్పితే నీ అయిదూ నావి."

నళిని అలవాటు కొద్దీ ముందు షరతులు అడిగింది. "తప్పో ఒప్పో తేల్చేదెవరు?"

"కార్డే. ప్రూఫ్ దాని మీదే ఉండాలి. నా ఆన్సర్ చీటీ మీద రాసి ఇక్కడ బోర్లా పెడుతున్నా."

"కవర్లోంచి తీసి చూడొచ్చా?"

"నువ్వు లాయర్‌వి కావాల్సిందమ్మా!"

"షాపు నడిపాను. రెండూ ఒకటే."

కార్డు మీద ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ సముద్రపు వంతెన బొమ్మ ఉంది. వెనక పోస్టు ముద్ర చెమ్మ తగిలి అలుక్కుపోయింది. ఆకుపచ్చ స్టాంపు మీద అయిదో జార్జి తల, ధర అర పెన్నీ. రాసినవాడు మూలన 5.6.18 అని వేశాడు. అంటే మే ఆరు, 1918. బ్రిటన్‌లో కార్డుకు అర పెన్నీ చెల్లింది ఆ ఏడు జూన్ రెండు దాకానే. మూడో తారీఖు నుంచి పూర్తి పెన్నీ. స్టాంపూ తారీఖూ చక్కగా అతికాయి.

మే ఆరని చెప్పబోయి ఆగింది. ఇంత సులువుగా వచ్చే బేరానికి ఎక్కడో చిల్లు ఉంటుంది. కార్డు కవర్లోంచి తీసి కిటికీ వెలుగులో వంచి చూసింది. స్టాంపు పక్కన 1d అని ఎవరో గీకారు. కవర్ మీంచి చూసినప్పుడు ఎవరో డీలర్ వేసుకున్న ధర అనుకుంది. డీలర్ అయితే పెన్సిల్‌తో రాస్తాడు. ఇది సిరా, అట్టలోకి ఇంకిపోయింది. తన సరుకు మీద తనే సిరా పోసుకునే వర్తకుడు భూమ్మీద పుట్టలేదు. మరి రాసిందెవరు? పోస్టాఫీసువాళ్లు. d అంటే పెన్నీ. అర పెన్నీ తక్కువ పడితే, దానికి రెట్టింపు, ఒక పెన్నీ, అందుకున్నవాళ్ల దగ్గర వసూలు చేసేవాళ్లు. అంటే ఈ కార్డు రేటు పెరిగాక వెళ్లింది!

నళిని మళ్లీ ఆ అంకెలు చూసింది. ఈసారి తన మీద తనకే నవ్వొచ్చింది.

"జూన్ అయిదు, 1918."

డాక్టర్ గారు పకపకా నవ్వి తన చీటీ తిప్పారు. మే ఆరు. "గాడిద నా ఇంటికొచ్చేసిందమ్మా!"

"ఆగండి. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు గుంటూరులో కేస్ షీట్ మీద డేట్ ఎలా రాసేవారు?"

"డేట్ ముందు, తర్వాత మంత్."

"మరి ఈ ఇంగ్లీషాయన ఎలా రాస్తాడు? మన ఇద్దరికీ ఈ అమెరికా నీళ్లు ఒంటబట్టి మంత్ ముందు చదివాం."

"అయితే అర పెన్నీ స్టాంపు సంగతేంటి? జూన్ అయిదున చెల్లదు కదా!"

"చెల్లలేదు. అందుకే ఫైన్ వేశారు. చూడండి, సిరా."

ఆయన భూతద్దం తీశారు. చాలాసేపు వంగి చూశారు. "పదకొండేళ్లుగా తప్పు లేబుల్ పెట్టుకు కూర్చున్నాను," అని తల కొట్టుకుని, కోటు లోపలి జేబులోంచి నాలుగో కార్డు తీసి ఆమె చేతిలో పెట్టారు.

గాడిద తప్పేమీ లేదు. భార్యే గొడుగు మొనతో వెనకనుంచి దాన్ని గట్టిగా పొడిచింది. మొహం మాత్రం ఏమీ ఎరగనట్టు. నళిని నవ్వుతుంటే కళ్లద్దాలు జారిపోయాయి.

"మీది రేటు మారిన మూడో రోజు కార్డని తేలింది. గిరాకీ పెరిగింది. దానికి నా ఫీజు?"

"ఇచ్చాగా, గాడిదని!"

నళిని ఆరింటినీ వరసగా పేర్చింది. పక్క టేబుల్ అమెరికన్ తొంగి చూసి, "హౌ మచ్ ఫర్ ద సెట్?" అన్నాడు.

"నాట్ ఫర్ సేల్" నోటిదాకా వచ్చింది. కానీ 'అమ్మను' అన్న మాటే బేరానికి మొదటి మెట్టని ఆమెకంటే ఎరిగినవాళ్లెవరు? అతను ధర చెబుతాడు, ఆ ధర విన్నాక తన నోరు ఊరుకోదు. అందుకని ఆరు కార్డులూ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి, జిప్ లాగి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.