డాబా మీద అరగంట

అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి రెండేళ్లయింది. అక్కడ పైపులు బిగించే పని చేసిన నాన్న, బట్టలు కుట్టే అమ్మ, పద్నాలుగేళ్ల పెద్దమ్మాయి, ఆరేళ్ల చిట్టి ఇప్పుడు వేరే ఊళ్లో, నాలుగో అంతస్తులో, రెండు గదుల్లో సర్దుకుని ఉంటున్నారు.

పెద్దమ్మాయికి కాలు ఒకచోట నిలవదు. చిట్టి బడి నుంచి రాగానే దాని చెప్పులు గుమ్మం బయటే విప్పించి, జుట్టు తడిగుడ్డతో తుడిచి, మెడ మీద గడ్డలేమైనా తగులుతాయేమోనని వేళ్లతో వెతికేది. క్లాసులో ఎవరో "నువ్వు చీకట్లో మెరుస్తావా?" అని అడిగినప్పటి నుంచి తమది ఏ ఊరో చెప్పడం మానేసింది. వయసు అలాంటిదిలే అని నాన్న అమ్మకు సర్దిచెప్పేవాడు.

ఒక శనివారం చిట్టి కింద ఇసుకకుప్పలో ఆడుకుని వచ్చింది. మిషను చప్పుడులో అమ్మకు దాని ఏడుపు ఆలస్యంగా వినిపించింది. పరుగెత్తి వెళ్లేసరికి స్నానాలగదిలో పెద్దమ్మాయి గిన్నెలు తోమే పీచుతో చిట్టి చేతులు రుద్దుతోంది. మోచేతుల దగ్గర తోలు లేచిపోయింది.

"పోవట్లేదమ్మా," అంది తల ఎత్తకుండా.

అమ్మ పీచు లాక్కుంది. కొట్టబోయి, పెద్దదాని వేళ్లు చిట్టి చేతులకంటే ఎర్రగా ఉండటం చూసి ఆగిపోయింది. చిట్టిని తువ్వాలులో చుట్టి ఒళ్లోకి తీసుకుని తడినేల మీదే కూలబడింది. ఏమైందే నీకు అని అడిగింది.

"ఆ రోజు నువ్వు ఫోన్ చేసి తలుపులన్నీ వేసుకోమన్నావు. వేశానని అబద్ధం చెప్పా. అప్పుడు మేం డాబా మీద ఉన్నాం. పొగ చూపిద్దామని నేనే దాన్ని ఎత్తుకెళ్లా. అరగంట ఉన్నామమ్మా."

"నీకప్పుడు పన్నెండేళ్లు. మిమ్మల్ని ఒంటరిగా వదిలి, కుట్టిన బట్టలివ్వడానికి వెళ్లింది నేను," అంది అమ్మ. ఆ మాట ఆమె కూడా ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు.

సోమవారం అమ్మాకూతుళ్లు ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. పరీక్షల్లో చిట్టికి ఏమీ లేదని తేలింది. పెద్దమ్మాయి మాత్రం, తర్వాత జబ్బేదైనా వస్తేనో అని వదలకుండా అడిగింది. రాదని డాక్టరమ్మ మాటివ్వలేదు. ఏటా చూస్తూ ఉందామంది.

"సరే, నీ సంగతేంటి? నువ్వూ డాబా మీదే ఉన్నావుగా?" అని డాక్టరమ్మే అడిగింది.

పెద్దమ్మాయి తెల్లబోయింది. తన ఒంటి గురించి ఇంతవరకూ ఒక్కసారైనా అనుకోలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు, వెక్కిళ్లతో, చిన్నపిల్లకు వచ్చినట్టు.

తన రిపోర్టూ బాగానే వచ్చింది. అయినా స్థిమితపడలేదు. వారానికోసారి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. మొదటి నెలంతా కుర్చీ అంచునే కూర్చుని గోళ్లు కొరుక్కుంది. ఐదో వారం మాట మధ్యలోనే నిద్రపోయింది. కౌన్సెలర్ లేపలేదు.