రాష్ట్రపతి రూలు

ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటుకు తిరుమల్ పదకొండేళ్లుగా అధ్యక్షుడు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అధ్యక్షుడంటే ఏముంది, నీళ్ల మోటారు, లిఫ్టు, వాచ్‌మన్, అంతే రాజ్యం. ఆయన మాత్రం ఆ కుర్చీలో కూర్చుంటే ఢిల్లీలో కూర్చున్నట్టే ఉండేవాడు.

సంఘం పెట్టిన కొత్తలో నిబంధనలు రాస్తూ, అధ్యక్షుణ్ని దించే పద్ధతి దగ్గర ఆయన ఆగిపోయాడు. భార్య సుకన్య ముప్పై ఏళ్లు బడిలో పౌరశాస్త్రం చెప్పింది.

"దేశంల అందరికన్న గట్టి కుర్చీ ఎవలదే?" అని అడిగాడు.

"రాష్ట్రపతిది. మహాభియోగం పెట్టి తియ్యాలె. ఇప్పటిదాంక ఒక్కర్ని సుత తియ్యలే," అంది సుకన్య.

ఇంకేం, ఆయనకు కావలసింది అదే! ఆమె పాఠం చెబుతుంటే ఉన్నదున్నట్టు దించేశాడు. రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే తప్ప రాష్ట్రపతిని తీయకూడదు, ఇక్కడ నిబంధనలను ఉల్లంఘిస్తే తప్ప అధ్యక్షుణ్ని తీయకూడదు. పావు వంతు మంది సంతకాలతో పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక సభ ఆరోపించాలి, రెండో సభ విచారించాలి. రెండు చోట్లా మూడింట రెండొంతుల ఓట్లు పడాలి, అదీ వచ్చినవాళ్లలో కాదు, మొత్తం సభ్యుల్లో. అపార్ట్‌మెంటుకు రెండు సభలెక్కడివంటారా? ఏ బ్లాకు ఒకటి, బి బ్లాకు ఒకటి! బ్లాకుకు పన్నెండు ఫ్లాట్లు గనక ఎనిమిదేసి ఓట్లు కావాలి. ఇక తనను కదిపే మొనగాడు లేడనుకున్నాడు.

అంత పకడ్బందీగా కట్టుకున్న మనిషి పావురాల దగ్గర దొరికిపోయాడు. బి బ్లాకు మూడో అంతస్తులో ఉండే జైతున్ బీ పొద్దున్నే బాల్కనీలో జొన్నలు చల్లేది. పావురాలు తిని ఊరుకుంటాయా, కింద ఉన్న తిరుమల్ కారును పాడుచేసేవి. రెండుసార్లు చెప్పాడు, ఆమె వినలేదు. ఒళ్లు మండిపోయి ఆమె ఇంటి నీళ్ల వాల్వు కట్టేశాడు. రెండు రోజులు. ఏ కారణంతోనూ ఎవరి నీళ్లూ ఆపకూడదన్నది తొమ్మిదో నిబంధన. రాసింది ఆయనే.

ఏ బ్లాకు తొమ్మిది ఓట్లతో ఆరోపణ పెట్టింది. తిరుమల్ చలించలేదు. విచారించేది బి బ్లాకు, తను ఉండే బ్లాకు. అక్కడ తనకు వ్యతిరేకంగా ఎనిమిది ఓట్లు పడడం కల్ల.

ఆదివారం పొద్దున సెల్లార్‌లో కుర్చీలు వేశారు. కార్యదర్శి కుసుమకుమారి అధ్యక్షత వహించింది. తన వాదన వినిపించే హక్కు రాష్ట్రపతికి ఉంటుంది గనక తిరుమల్‌కూ ఉంది. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"నీళ్లు బంద్ చేసిన, ఒప్పుకుంట. గని ఎవలకన్న తక్లీఫ్ అయిందా? జైతున్ బీ గారూ, గా రెండు దినాలు మీ ఇంట్ల వంట ఆగిందా?"

"లేదు సాబ్."

"స్నానాలు?"

"ఆగలే సాబ్."

"చూసిన్రా! మరి నీళ్లు ఎక్కడికెల్లి వచ్చినయ్? జెర అందరికి ఇనవడేటట్టు చెప్పుండ్రి."

జైతున్ బీ తల దించుకుంది. ఓసారి సుకన్య వైపు చూసింది. "మీ ఇంట్లకెల్లే సాబ్. అమ్మ బకీట్లతోని మోసింది. లిఫ్టుల తెస్తే మీరు చూస్తరని మెట్లెక్కుకుంట వచ్చింది," అంది.

సుకన్యకు మోకాళ్ల నొప్పులు, కూరగాయల సంచి కూడా మోయనివ్వడు డాక్టరు. నలుగురిలో ఆయనకు సిగ్గేసింది. అయినా కుర్చీ మీద ఆశ చావలేదు.

కుసుమకుమారి మూడో అంతస్తు నుంచి ఫ్లాటు నంబర్లు పిలవడం మొదలుపెట్టింది. జైతున్ బీ ఆయనకు సలాం చేసి మరీ తీసేయమంది. తిరుమల్ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. పదకొండు ఫ్లాట్లు అయ్యేసరికి ఏడు ఓట్లు. మిగిలింది నూటొకటి, అది తన ఇల్లే. హమ్మయ్య అనుకున్నాడు.

"నూటొకటి?"

"తియ్యొద్దు," అన్నాడు తిరుమల్.

"ఓనర్ సుకన్య మేడం గద సార్," అంది కుసుమకుమారి. "ఓనరే చెప్పాలని రూల్ పెట్టింది మీరే."

నిజమే, అద్దెకున్నవాళ్లు నోరెత్తకుండా ఆయన రాసిన రూలది. ఇల్లు భార్య పేరున కొన్న సంగతి ఆయనకు గుర్తే లేదు. అందరూ సుకన్య వైపు తిరిగారు. ఆమె కూర్చున్నచోటు నుంచే నెమ్మదిగా చెప్పింది.

"తియ్యుండ్రి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తిరుమల్ ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఏందే, నాకే ఎదురు ఏస్తవా? బకీట్లు మోసినందుకు గింత కోపమా?"

"గా కోపం ఎప్పుడో పోయింది," అంది సుకన్య. "పదకొండేండ్ల సంది నా ఓటు మీరే ఏస్తున్నరు. గది సుత రూల్ తప్పుడే. నోటీసుల గా ముచ్చట ఎవ్వలు రాయలే."