తిరిగి రాని లైన్ క్లియర్

కంపెనీలో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఎదురుగా ఉంటే డైరెక్టరుగారు, పక్కకు తిరిగితే లైన్ క్లియర్‌గారు. టవరు ఎక్కే మనిషి ముందుగా కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, కరెంటు ఆపించి, ఒక నంబరు తీసుకుంటాడు. ఆ అనుమతే లైన్ క్లియర్. పని అయ్యాక, తీసుకున్న మనిషే తన నోటితో దాన్ని తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా ఆ లైనులోకి కరెంటు వదలకూడదు. ఈ ఒక్క నియమం తప్పారని ఆయన ఎంతమందిని ఇంటికి పంపారో! పొయ్యి మీది గిన్నె దించాలన్నా ఈయన దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలని ఆయన భార్య చుట్టాల ముందు నవ్వేది. ఆయన మాత్రం ఆ మాటకు ఎన్నడూ నవ్వలేదు.

రిటైరై పదకొండేళ్లయ్యాక మళ్లీ ఆ ఆఫీసు మెట్లెక్కారు. వచ్చే నెల నుంచి కంపెనీ పరాయి దేశం వాళ్లది. అందుకని పాత పెద్దల జ్ఞాపకాలతో చివరగా ఒక పుస్తకం వేస్తున్నారు. కింద ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని, గేటు మీది బోర్డులో ‘జాతీయ’ అన్న మాటను ఒక్కో అక్షరమే ఊడదీస్తున్నారు. పైన మీటింగు గదిలో పుస్తకం పని చూస్తున్న అమ్మాయి రికార్డరు ముందు పెట్టుకుని కూర్చుంది.

మాజీ చైర్మన్‌గారు అప్పటికే ఊపు మీదున్నారు. ఎనభై నాలుగేళ్లొచ్చినా గొంతు తగ్గలేదు. కొండలకు అటు వైపు కరెంటు, ఇటు వైపు కరెంటు వేరువేరుగా ఉన్న రోజులు, రెంటినీ కలిపే లైను వెయ్యడానికి తాము పడ్డ పాట్లు, ప్రారంభం నాడు వచ్చిన జనం, అన్నీ కళ్లకు కట్టినట్టు చెబుతున్నారు. ఆ స్విచ్చి వేసేదాకా మనది పటంలోనే ఒక దేశం అన్నారు. ఆ మాట తనకే నచ్చి మరోసారి అన్నారు.

తరువాత ఆ అమ్మాయి డైరెక్టరుగారి ముందు ఒక కాగితం పెట్టింది. ఒక్కొక్కరి ఫోటో కింద మూడు వాక్యాలుంటాయి, ఎవరివి వాళ్లే రాసివ్వాలి. ఆయన ఇంటి దగ్గరే రాసిచ్చారు: చేసిన ఉద్యోగాలు, వచ్చిన పతకం. ఒకసారి సరి చూసుకుంటే ప్రెస్సుకు పంపుతానంది.

ఆయన చాలాసేపు చూసి, మూడు వాక్యాలూ కొట్టేశారు.

"అమ్మా, ఆ స్విచ్చి వేసినప్పుడు లైను మీద ఒక మనిషున్నాడు" అన్నారు.

చైర్మన్‌గారు చెయ్యెత్తి రికార్డరు ఆపమన్నారు. అమ్మాయి ఆపింది. కానీ డైరెక్టరుగారు ఆగలేదు.

ఆనాడు కంట్రోల్ రూములో ఇరవై ఆరేళ్ల ఇంజనీరు ఆయనే. కొండ మీది టవరుకు చిన్న జెండా కట్టించారు, పేపరువాళ్ల ఫోటోల కోసం. అది జారిందని లైన్‌మన్ మళ్లీ పైకి ఎక్కాడు. కింద ఉన్న తోటి పనివాడు ఆ సంగతి చూసుకోకుండా, అందరం దిగామని ఫోన్ చేశాడు. గొంతు వేరని ఈయనకు తెలుసు. లైన్ క్లియర్ తీసుకున్న మనిషిని పిలవమని అడగాలి. అవతల పెద్దలు స్విచ్చి దగ్గర నిలబడి ఉన్నారు, అప్పటికే పావుగంట ఆలస్యం. అడగలేదు. సరే, కరెంటు వదలమన్నారు.

మర్నాడు అనుమతి లేకుండా ఎక్కి చనిపోయాడని రిపోర్టు రాశారు. అలా రాయమన్నది అప్పటి చీఫ్ ఇంజనీరు, ఇప్పుడు ఎదురుగా కూర్చున్న చైర్మన్. సంతకం పెట్టింది ఈయన.

"అతని జేబులో నంబరు చీటీ ఉందమ్మా. నలభై ఏడు. తిరిగి ఇవ్వనేలేదు. అంటే అనుమతి ఉన్నట్టే."

"ఇప్పుడెందుకయ్యా అవన్నీ?" అన్నారు చైర్మన్‌గారు. గొంతు మొదటిసారి తగ్గింది. "అతని భార్య కూడా పోయిన ఏడు పోయిందిగా. ఇంకెవరి కోసం?"

ఆ మాట డైరెక్టరుగారికి తగలాల్సిన చోటే తగిలింది. ఏటా కంపెనీ స్టోర్సు తనిఖీకి వెళ్లినప్పుడు ఆవిడ పాత గొడుగు పట్టుకుని కనిపించేది. అక్కడ ఊడ్చే పని ఇప్పించింది ఆయనే. మా ఆయన తొందర మనిషండీ, అడక్కుండా ఎక్కేశాడు, మీకు మాట తెచ్చాడు అని ఆయనకే క్షమాపణ చెప్పేది. ముప్పై ఏళ్లు ఆయన తల వంచుకుని విన్నారు.

"ఆవిడ బతికుండగా చెప్పలేకపోయాను సార్. నా ఫోటో కిందైనా చెప్పనివ్వండి."

"నీ మనవలు చూస్తారు."

"చూడనివ్వండి."

ఆయన కలం తీసుకున్నారు. ముందుగా ఆ లైన్‌మన్ పేరు రాశారు, ఇంటిపేరుతో సహా. దాని కింద మూడు వాక్యాలు రాశారు. చైర్మన్‌గారు కళ్లజోడు పెట్టుకుని వంగి ఆ కాగితం చదివారు. లేచి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డారు. కింద బోర్డు మీద ‘జాతీయ’ ఉన్న మేర తెల్లగా, కొత్తగా కనిపిస్తోంది.

"కొత్త యజమానులు ఒప్పుకుంటారో లేదో సార్" అంది అమ్మాయి మెల్లగా. "ఫోటో కింద మాటలు మాత్రం ఎవరివి వాళ్లవేనన్నారు. నేనైతే మార్చను."

"చదివి వినిపించమ్మా."

కంట్రోల్ రూములో అదొక పద్ధతి. విన్నవాళ్లు విన్నదంతా తిరిగి చెప్పాలి, తప్పు లేకపోతే టైము వేసుకోవాలి. అమ్మాయికి ఆ సంగతి తెలియదు. కానీ లైన్‌మన్ పేరుతో మొదలుపెట్టి చదివింది. "ఈయన లైన్ క్లియర్ నంబరు నలభై ఏడు తీసుకుని, అనుమతితోనే టవరు ఎక్కారు. ఈయన తిరిగి ఇవ్వకముందే కరెంటు వదలమన్నది నేను. నా రిపోర్టు అబద్ధం."

ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. ఒక్క మాటా తప్పు పోలేదు.

"సరే. టైము వెయ్యి తల్లీ" అన్నారు.

ఆమె గోడ గడియారం చూసి కాగితం అంచున పదీ నలభై అని వేసింది.